అదే టూరు, అదే పేరు, లోపల ఊళ్లు మాత్రం మారిపోయాయి. మీరూ గమనించారా?

గౌతమి_గట్టు
బీరువా సర్దుతుంటే పాత టూరు కరపత్రం ఒకటి దొరికింది. 2016 నాటిది, పుష్కరాల మరుసటి ఏడు. "కోనసీమ – పాపికొండలు, 3 రోజులు." అదే టూరు వాళ్లు ఈ నెల వాట్సాప్‌లో పంపిన కాగితం కూడా నా దగ్గర ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే పేరు తప్ప ఏదీ కలవడం లేదు.

పాత దాంట్లో మొదటి రోజు రాజమండ్రి కోటిలింగాల రేవులో స్నానం, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, ర్యాలి, అయినవిల్లి, రాత్రికి దిండిలో బస. రెండో రోజు అప్పనపల్లి, అంతర్వేది, అంతే. సాయంత్రం దాకా సంగమం దగ్గరే అని రాసి ఉంది. మూడో రోజు పట్టిసీమ నుంచి లాంచీ, పోచమ్మ గండి, పేరంటాలపల్లి.

ఇప్పుడు 2 రోజులే. మొదటి రోజు పోచమ్మ గండి నుంచి బోటు, సాయంత్రం రాజమండ్రిలో గోదావరి హారతి. రెండో రోజు కడియం నర్సరీలు, వాడపల్లి, ఆత్రేయపురం పూతరేకులు, అయినవిల్లి, అప్పనపల్లి, అంతర్వేది, యానాం! ఒక్క రోజులో ఏడు చోట్లు. ర్యాలి లేదు, కాటన్ లేదు, పట్టిసీమ లేదు. అంతర్వేది నుంచి యానాం చేరేసరికి చీకటి పడుతుంది, అక్కడ చూసేదేముంది?

కార్తీకంలో మా వీధి ఆడవాళ్లం, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లతో కలిసి వెళ్దామనుకుంటున్నాం. కాలాన్ని బట్టి మార్చారా, సీట్లు నిండడానికి మార్చారా? తెలిసినవాళ్లు చెప్పండి. కోపంగానే అడుగుతున్నాను.

మడతకాజా
ఏడు చోట్లలో తాపేశ్వరం లేదా? నా ఓటు వీళ్లకి లేదు.

కొబ్బరాకు
కాటన్ మ్యూజియం తీసేశారంటే నాకు నిజంగా బాధగా ఉంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు కాబట్టే ఈ కొబ్బరి తోటలు, ఈ వరి, ఈ కాలువలు. ఊరూరా విగ్రహం పెట్టుకున్నాం ఆయనకి. కోనసీమ చూపిస్తాం అని బయల్దేరి, ఈ పచ్చదనం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా తిప్పితే ఇంక చూపించేదేంటి?

పాత_సరంగు
పట్టిసీమ తీసేశారని టూరు వాళ్లని తిట్టకండమ్మా. నది దారే మూసుకుపోయింది. పోలవరం ప్రాజెక్టు దగ్గర నదికి అడ్డంగా కాఫర్ డ్యాము (తాత్కాలిక కట్ట) వచ్చాక కింది నుంచి పైకి లాంచీ వెళ్లే వీల్లేదు. 2021 జూన్‌లో నీటిని స్పిల్‌వే (నీళ్లు వదిలే గేట్లు) వైపు మళ్లించారు కూడా. అందుకే డ్యాముకి ఎగువన ఉన్న పోచమ్మ గండి దగ్గర ఎక్కిస్తున్నారు. ఒకప్పుడు అది దారిలో దణ్ణం పెట్టుకునే చోటు, ఇప్పుడు అదే రేవు.

ఇంకా వెనక్కి వెళ్తే రాజమండ్రిలో ఎక్కి భద్రాచలంలో దిగేవాళ్లు. నేను లాంచీ నడిపిన మనిషిని. పట్టిసీమ దగ్గర ఎక్కినప్పుడు నది ఎంత వెడల్పో, ఇసుక తిన్నెలు ఎంత దూరం పరుచుకుని ఉంటాయో చూసి, తర్వాత గట్లు పైకి లేవడం, కొండలు రెండు వైపులా దగ్గరికి రావడం వరుసగా కనపడేది. నీటి రంగు కూడా మారేది. ఇప్పుడు బస్సు దిగి బోటెక్కితే ముందే కొండల మధ్యలో ఉంటారు. పాపికొండలు అవే, నది వాటి దగ్గరికి ఎలా చేరుతుందో మాత్రం ఈ కాలం వాళ్లు చూడలేరు.

హైదరాబాద్_అల్లుడు
మా మామగారిది ముమ్మిడివరం. పండక్కి వచ్చినప్పుడల్లా ఏదో ఒక టూరు ఎక్కుతాం. నాకైతే కొత్త కాగితమే నచ్చింది. రెండు రోజుల సెలవులో ఎక్కువ చోట్లు చూడాలని ఉండదా? ఊళ్లో ఉన్నవాళ్లకి మళ్లీ వెళ్లే వీలుంటుంది, మాకు ఉండదు.

గౌతమి_గట్టు
@హైదరాబాద్_అల్లుడు చూడ్డానికీ, బస్సు కిటికీ లోంచి బోర్డు చదవడానికీ తేడా ఉంది కదండీ. అయినవిల్లిలో క్యూ అయ్యేలోపు "ఎక్కండి ఎక్కండి" అని విజిల్ వేస్తే ఏం చూసినట్టు?

బస్సు_గైడు
ఇలాంటి టూర్లలో గైడుగా పని చేస్తున్నాను, అక్క చెప్పిన టూరు మాది కాదు. లోపలి సంగతి చెప్తాను, కొందరికి నచ్చకపోవచ్చు.

టూరు ఎలా కట్టాలో ముందు తేల్చేది గుడి తలుపులు. మధ్యాహ్నం 12 దాటితే చాలా గుళ్లు మూసేస్తారు, మళ్లీ సాయంత్రమే. అంటే పొద్దున్న చూడాల్సినవి, సాయంత్రం చూడాల్సినవి అని రెండు కుప్పలు. మధ్యలో భోజనం, సముద్రం, నర్సరీ, కొనుగోళ్లు. ఈ మధ్య గంటల్లో ఏది పెట్టినా "ఇంకో చోటు" కింద కాగితం మీద లెక్కకొస్తుంది. ఏడు చోట్లు అని రాసిన దాంట్లో మూడు ఇలాంటివే.

రెండోది, జనం అడిగేది. ర్యాలి గురించి ఫోన్ చేసి అడిగేవాళ్లు తక్కువ. వాడపల్లి ఉందా అని అడగనివాళ్లు లేరు. ఏడు శనివారాల మొక్కు ఎంత పాకిందో మీకు తెలుసు. శనివారం అయితే బస్సు ఎక్కడో దూరంగా ఆపి నడవాలి, దర్శనానికి ఎంత సేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ ఒక్క చోటు మిగతా రోజునంతా మింగేస్తుంది. అయినా అది తీసేస్తే బస్సు నిండదు.

మూడోది, రాత్రి బస. ఒక రాత్రి తగ్గితే టిక్కెట్టు ధర తగ్గుతుంది. మనిషికి వెయ్యి తేడా వస్తే పక్క టూరు వాడి దగ్గరికి వెళ్లిపోతారు. ఇదీ నిజం.

ఏడో_శనివారం
వాడపల్లిని విలన్ చేయకండి దయచేసి. మా ఇంటి సమస్యకి మొక్కుకుని వరుసగా ఏడు వారాలు తిరిగి, ఏడేసి ప్రదక్షిణలు చేసి వచ్చిన దాన్ని. దూరం నుంచి టూరులో వచ్చేవాళ్లకి ఆ ఒక్క దర్శనమే పెద్ద సంగతి. జనం అడిగింది పెట్టడం తప్పా?

లంక_మాస్టారు
జనం అడిగింది పెట్టడం తప్పు కాదమ్మా. అడగని దాన్ని కూడా చూపించాలన్నదే నా వాదన. ర్యాలిలో జగన్మోహిని కేశవస్వామిని చూశారా? ఒకే రాయి. ముందు నుంచి విష్ణుమూర్తి, వెనక నుంచి మోహిని. అర్చకులు దీపం పట్టుకుని విగ్రహం చుట్టూ తీసుకెళ్లి, వెనక జుట్టు ముడి ఎలా చెక్కారో, నగలు ఎలా దిద్దారో ఒక్కొక్కటీ వెలుగు పెట్టి చూపిస్తారు. పాదాల దగ్గర చెమ్మ చూపిస్తారు. ఆ దీపం కదిలేకొద్దీ రాయి మీద గీతలు బయటపడుతుంటే బస్సులో అంతసేపూ గోల చేసిన పిల్లలు కూడా నోరెత్తరు. దానికి బృందం మొత్తానికీ అరగంట పడుతుంది. అరగంట ఇవ్వలేకే తీసేశారు.

వాడపల్లి, ర్యాలి రెండూ ఆత్రేయపురం మండలమే. ఒకటి చూపించి రెండోది వదిలేయడానికి దూరం కారణం కాదు.

అరటి_గెల
మాస్టారు గారూ ఆ చివరి మాట నేనే రాద్దామనుకున్నాను. మా రావులపాలెం నుంచి రెండూ కూతవేటు.

బస్సు_గైడు
దూరం కారణం కాదు, ఒప్పుకుంటాను మాస్టారూ. వాడపల్లిలో ఆలస్యమైతే ర్యాలి తలుపులు మూసేస్తారన్న భయం. వరుస మార్చి ముందు ర్యాలి పెడితే కుదురుతుంది. శనివారం అయితే అదీ కష్టమే.

నరసాపురం_లేసు
అంతర్వేదికి పంటు (నది దాటించే బల్లకట్టు) మీద వెళ్లడం ఎవరికైనా గుర్తుందా? నరసాపురంలో దిగి, రేవులో పంటెక్కి, వశిష్ఠ పాయ దాటి సఖినేటిపల్లి. మా చిన్నప్పుడు టూరు అంటే అదే. ఇప్పుడు టూరు బస్సులన్నీ చించినాడ వంతెన మీదుగా తిరిగి వెళ్తున్నాయి. పంటు ఇంకా నడుస్తూనే ఉంది, బళ్లు, ఆటోలు, మనుషులు అందరూ దాటుతున్నారు. టూరు వాళ్ల కాగితాల్లోంచే మాయమైంది.

పంటు_దిగాక
యానాం కూడా అంతే. 2002లో ఎదుర్లంక – యానాం వంతెన వచ్చేదాకా గౌతమి పాయ దాటాలంటే రేవు దగ్గర పడిగాపులే. అందుకే అప్పటి కోనసీమ టూర్లలో యానాం ఉండేది కాదు. వంతెన పడ్డాకే కలిపారు. ఏ ఊరు కలిసింది, ఏ ఊరు పోయింది అని వెతికితే చాలావరకు ఒక వంతెనో, ఒక డ్యామో తగులుతుంది.

మడతకాజా
యానాం ఎందుకు కలిపారో బస్సులో వెనక సీట్ల మగవాళ్లని అడగండి. వంతెన ఒక్కటే కారణం కాదు, మందు షాపులు కూడా 😄

గౌతమి_గట్టు
@మడతకాజా అది మాకూ తెలుసు 😄 అందుకే ఆడవాళ్ల బస్సుకి అది అక్కర్లేదంటున్నాను. పగలైతే గౌతమి ఒడ్డున నడవచ్చు, బాగుంటుంది. రాత్రి 8 తర్వాత ఎందుకు?

కొబ్బరాకు
పంటు_దిగాక చెప్పింది సగమే నిజం. కాటన్ మ్యూజియం దగ్గర ఏ వంతెనా కూలలేదు, ఏ డ్యామూ అడ్డం రాలేదు. ఉన్నచోటే ఉంది. రాజమండ్రి నుంచి కోనసీమ వెళ్లే బస్సు దాని పక్క నుంచే పోతుంది. ఆపడం లేదంతే.

గోదారి_పిన్ని
ఎవరూ మాట్లాడని సంగతి నేను చెప్తాను. బాత్రూములు. పాత టూర్లలో అంతర్వేది సముద్రం దగ్గర సాయంత్రం దాకా అంటే మగవాళ్లకి హాయి. మాకు నరకం. నీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లం. ఇప్పుడు కడియంలో నర్సరీ దగ్గరో, పూతరేకుల పెద్ద దుకాణం దగ్గరో ఆపితే అక్కడ శుభ్రమైన బాత్రూం ఉంటుంది. నాకు మొక్కలు కొనాలనీ లేదు, స్వీట్లు కొనాలనీ లేదు, అయినా ఆ ఆగడం నాకు కావాలి. కొత్త కాగితాన్ని పూర్తిగా తీసిపారేయకండి.

గౌతమి_గట్టు
పిన్నీ, ఈ కోణం నాకు తట్టలేదు. నిజమే. మా అత్తగారికి మోకాళ్లు కూడా. ఇది మా జాబితాలో మొదట రాస్తాను.

బస్సు_గైడు
గోదారి_పిన్ని గారికి దణ్ణం. మేము ఇది కాగితం మీద రాయలేం, "షాపింగ్" అని రాస్తాం. జనం కమీషన్ కోసం ఆపారంటారు. కొన్నిచోట్ల కమీషన్ ఉంటుంది, దాచను. అది లేని చోట కూడా ఆపుతాం, పిన్నిగారు చెప్పిన కారణానికే.

ఆత్రేయపురం_కుండ
పూతరేకుల దగ్గర ఆపడం గురించి ఒక మాట. మా వాళ్లు ఇళ్లల్లో చేస్తారు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక టూరు బస్సులు పెరిగాయి, సంతోషమే. వచ్చినవాళ్లు చాలామంది డబ్బా కొని ఫొటో దిగి వెళ్లిపోతారు. లోపలికి వచ్చి చూడండి. బోర్లించిన కుండ కింద మంట, పలుచటి గుడ్డ బియ్యప్పిండి నీళ్లలో ముంచి కుండ మీద ఇలా లాగితే చిటికెలో రేకు లేస్తుంది. లాగే చెయ్యి ఒక్క క్షణం ఆగినా రేకు మందమైపోతుంది, అది పక్కన పడేస్తారు. పొగలో కూర్చుని పొద్దుటి నుంచి అదే పని. పది నిమిషాలు చూస్తే చాలు, తినేటప్పుడు రుచి వేరేగా ఉంటుంది. టూరు వాళ్లు ఆ పది నిమిషాలు కలిపితే ఈ మార్పుని నేను మెచ్చుకుంటాను.

హైదరాబాద్_అల్లుడు
చూశారా, కొత్తగా కలిపినవన్నీ చెత్త కాదు. పూతరేకులు 2016 కాగితంలో లేవు కదా.

లంక_మాస్టారు
అల్లుడు గారి మాట కాదనను. నాకు అంతకంటే పాత టూరు ఒకటి తెలుసు, అది కూడా చెప్పాలి. సప్తసాగర యాత్ర. పుష్య అమావాస్య నాడు చొల్లంగిలో స్నానంతో మొదలు. అక్కడ తుల్యభాగ పాయ. తర్వాత కోరంగిలో ఆత్రేయ. అలా గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నీ వరుసగా స్నానాలు చేసుకుంటూ మాఘ శుద్ధ ఏకాదశికి, అంటే భీష్మ ఏకాదశికి, అంతర్వేదిలో వశిష్ఠ దగ్గర ముగింపు. అప్పటికి అక్కడ నరసింహస్వామి కల్యాణం, రథం. అమావాస్యకి మొదలై ఏకాదశికి ఆఖరు. అన్ని రోజులూ నడక, పడవ, ఎవరింటి అరుగు మీదో నిద్ర.

దాన్ని ఇప్పుడు వ్యాను కట్టించుకుని ఒకటి రెండు రోజుల్లో తిరిగి వచ్చేవాళ్లున్నారు. అన్ని పాయల నీళ్లూ నెత్తిన చల్లుకుంటారు. తిథి పోయింది. ఆ యాత్రలో తిథే అసలు. ఏ రోజు ఏ రేవులో ఉండాలో చంద్రుడు చెప్పేవాడు, ఇప్పుడు డ్రైవరు చెప్తున్నాడు.

ఏడో_శనివారం
మాస్టారూ, అన్ని రోజులు నడవలేని మా అమ్మమ్మ లాంటి వాళ్లకి ఆ వ్యాను లేకపోతే ఆ పుణ్యమూ లేదు. ఇంట్లో మంచం మీద ఉండి "ఒక్కసారి అంతర్వేది సంగమం చూడాలి" అన్న మనిషిని వ్యాన్లో తీసుకెళ్లి అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర దించితే ఏడ్చేసింది. తిథి లేదని ఆ కన్నీళ్లకి విలువ లేదా?

లంక_మాస్టారు
ఉందమ్మా. పెద్దవాళ్లకి వ్యాను కావాలి. నడవగలిగినవాళ్లు కూడా వ్యానే ఎక్కి, అదే పూర్తి యాత్ర అని చెప్పుకోవడం దగ్గర నా అభ్యంతరం.

రథం_చక్రం
కార్తీక సోమవారం పంచారామాల బస్సు మాత్రం ఏళ్ల తరబడి పెద్దగా మారలేదు. ఆదివారం రాత్రి బయల్దేరి తెల్లారేసరికి అమరావతి, తర్వాత భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. అయిదు గుళ్లు, అదే వరుస. తగ్గించడానికి కుదరదు, అయిదూ ఉంటేనే పంచారామం. కలపడానికీ టైం లేదు. మారని టూరు కావాలంటే ఇలాంటిదే.

పాలకొల్లు_గోపురం
మారలేదంటే ఎలా? జనం మారారు. రద్దీ సోమవారం మా ఊరి గోపురం తలెత్తి చూసే తీరిక ఎవరికీ లేదు, క్యూలో ముందు వాళ్ల వీపు చూసుకుంటూ వెళ్లడమే. 9 అంతస్తులు, 120 అడుగుల గోపురం అది! భీమవరంలో శివలింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా మారుతుందని చెప్తారు. సోమవారం హడావుడిలో ఆ రంగు ఎవరు చూస్తున్నారు?

గోదారి_పిన్ని
దీనికి మా ఆడవాళ్లు ఒక దారి కనిపెట్టాం. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మాకు టిక్కెట్టు లేదు కదా. ప్రత్యేక టూరు ఎక్కకుండా ఒక రోజు ద్రాక్షారామం, సామర్లకోట. ఇంకో వారం పాలకొల్లు, భీమవరం. సోమవారం కాకుండా. క్యారేజీ కట్టుకుని వెళ్తాం. మాకు గైడు లేడు, విజిల్ లేదు. ద్రాక్షారామంలో మాణిక్యాంబ అమ్మవారి దగ్గర కూర్చుని లలిత చదువుకుని లేచాం.

రథం_చక్రం
పిన్నిగారూ ఒకే రోజులో అయిదూ చూస్తేనే ఫలం అంటారు కదా?

గోదారి_పిన్ని
అలా అనేవాళ్లు ఉన్నారు బాబూ. నా మనసుకి నిండుగా అనిపించింది, నాకు అది చాలు.

పోటు_పాటు
పక్షుల పిచ్చి ఉన్నవాణ్ణి, నా బాధ వేరు. కోరంగి మడ అడవులు కొన్ని టూర్లలో చేరాయి. ఎంత ఆనందపడ్డానో! తీరా చూస్తే మిట్టమధ్యాహ్నం తీసుకొస్తారు, గుళ్లు మూసే టైం కాబట్టి. బస్సు_గైడు చెప్పిన "మధ్య గంటలు" ఇవే. ఎండలో చెక్క బాట మీద నడుస్తుంటే పక్షి ఒక్కటీ కనపడదు. పోటు పాటు చూసుకోవాలి. పాటు మీద నీళ్లు దిగినప్పుడు బురద బయటపడుతుంది, మడ చెట్ల ఊపిరి వేళ్లు మేకుల్లా నిలబడి ఉంటాయి, ఎర్ర కొండి పీతలు, బురద చేపలు గెంతడం కనపడతాయి. పోటు మీద వస్తే ఇవేవీ లేవు, ఉత్త నీళ్లు, ఆకులు. ఉదయం పాటు పడే రోజు చూసి పెట్టుకోమని టూరు వాళ్లకి చెప్తే "మాకు గుడి టైమే ముఖ్యం సార్" అన్నారు.

చూపించే చోటు పేరు కాగితం మీద చేరడం వేరు, దాన్ని చూడాల్సిన వేళకి చూపించడం వేరు.

కొబ్బరాకు
ఆ చివరి మాట అచ్చు వేయించి ప్రతి టూరు బస్సుకీ అంటించాలి.

పాత_సరంగు
బోటు సంగతి ఇంకొకటి చెప్పాలి, అక్కగారు పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు మందం దగ్గర టూరు బోటు మునిగిపోవడం ఎవరం మర్చిపోలేం. ఆ రోజు గోదారి వరద మీద ఉంది. ఆ తర్వాత బోట్లన్నీ ఆగిపోయాయి, 2021 నవంబరులో గానీ మళ్లీ మొదలవలేదు. ఇప్పుడు కంట్రోల్ రూములు పెట్టారు, ఎక్కేవాళ్ల పేర్లు రాసుకుంటారు, లైఫ్ జాకెట్ తప్పనిసరి, నీటిమట్టం పెరిగితే ఆపేస్తారు. వరదల్లో పోచమ్మ గుడే మునుగుతుంది.

టూరులో జరిగిన మార్పుల్లో నేను మనసారా మెచ్చుకునేది ఇదే. "బోటు రద్దు, మారేడుమిల్లి తీసుకెళ్తాం" అంటే గొడవ పడకండి. ఆపినవాడు మీ మంచికే ఆపాడు. జాకెట్ ఉక్కగా ఉందని తీసి ఒళ్లో పెట్టుకోకండి. కచ్చులూరు దగ్గర సుడి తిరిగే చోట నీరు పైకి నిదానంగా కనపడుతుంది, కింద లాగుతుంది.

గౌతమి_గట్టు
మీరు చెప్పాక ఒళ్లు జలదరించింది బాబాయ్. తప్పకుండా వేసుకుంటాం, అందరి చేతా వేయిస్తాను.

హైదరాబాద్_అల్లుడు
మాకు గతేడాది అదే జరిగింది. బోటు రద్దు, మారేడుమిల్లి అన్నారు. వెదురు బొంగులో కోడి, జలతరంగిణి జలపాతం, పిల్లలకి బాగానే ఉంది. నాకు మండింది ఎక్కడంటే, బోటు టిక్కెట్టు డబ్బు వెనక్కి ఇవ్వలేదు. "ప్రోగ్రాం మారవచ్చు" అని కింద చిన్న అక్షరాల్లో ఉందట.

బస్సు_గైడు
ఇది మా పక్షం వాళ్లు మార్చుకోవాల్సిందే. మారవచ్చు అని రాస్తే చాలదు. బోటు లేకపోతే ఎంత తిరిగి ఇస్తారో కూడా రాయాలి. డబ్బు కట్టేముందు అడిగి, వాట్సాప్‌లోనే రాయించుకోండి. ఫోన్లో చెప్పిన మాట నిలవదు.

దేవీపట్నం_మనవరాలు
ఇన్ని చదివాక నాకూ రాయాలనిపించింది. మా అమ్మమ్మ వాళ్లది దేవీపట్నం. పోలవరం ముంపులో ఊరు ఖాళీ అయింది. పాత టూర్లలో లాంచీ మా ఊరి ముందు నుంచి పోతుంటే మేము గట్టు మీద నిలబడి చేతులూపేవాళ్లం, వాళ్లూ ఊపేవాళ్లు. ఇప్పుడు టూరులో ఆ చోట ఆగరు, ఆగడానికి ఊరు లేదు. కొందరు గైడ్లు మైకులో "ఇక్కడ దేవీపట్నం ఉండేది" అని ఒక మాట చెప్తారు. కొందరు ఆ టైంలో సినిమా పాట పెట్టి డాన్సు చేయిస్తారు. ఊరు పేరు చెప్పే గైడు ఉన్న బోటు అయితే నేను కూడా ఎక్కుతాను.

బస్సు_గైడు
తల్లీ, నేను చెప్తాను. ఇక మీదట పాట ఆపించి మరీ చెప్తాను. మీ ఊరి గురించి నాకు తెలియనివి ఉంటే రాసి పంపండి, చదివి వినిపిస్తాను.

దేవీపట్నం_మనవరాలు
పంపుతానండి. మా అమ్మకి చెప్తే సంతోషిస్తుంది.

నరసాపురం_లేసు
@గౌతమి_గట్టు మీది సొంత బృందమే కదా, బస్సు మొత్తం మీరే మాట్లాడుకుంటే ప్రోగ్రాం మీ ఇష్టం. అంతర్వేదికి ఇలా చేయండి: మిమ్మల్ని నరసాపురం రేవులో దించి బస్సు చించినాడ మీదుగా తిరిగి వస్తుంది. మీరు పంటు మీద దాటి సఖినేటిపల్లి ఒడ్డున కలవండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బస్సులోనే కూర్చోవచ్చు.

అరటి_గెల
బాగుంది. రావులపాలెంలో టీ నా ఖర్చు, బస్సు నిండా వచ్చినా సరే.

గౌతమి_గట్టు
ఇవాళ టూరు వాళ్లకి ఫోన్ చేసి మాట్లాడాను, తర్వాత వాట్సాప్‌లో రాసి పంపాను. మీరు చెప్పినవన్నీ కలిపి అడిగింది ఇదీ.

యానాం వద్దు. రెండో రోజు ముందు ధవళేశ్వరం, అక్కడి నుంచి ర్యాలి, ర్యాలిలో అరగంట తగ్గకూడదు. తర్వాతే వాడపల్లి, శనివారం కాకుండా. ఆత్రేయపురంలో కుండ దగ్గర ఆగి చూడాలి, బాత్రూం ఉన్న చోటే ఆపాలి. అప్పనపల్లిలో అన్నప్రసాదం, మధ్యాహ్నం భోజనం అదే. సాయంత్రం అంతర్వేది, చీకటి పడేదాకా అక్కడే. అయినవిల్లి దారిలో కుదిరితే, లేకపోతే లేదు. బోటు రద్దైతే బోటు డబ్బు వెనక్కి.

మొదట "అలా కుదరదు మేడం, అందరికీ ఒకటే ప్రోగ్రాం" అన్నారు. బస్సు మొత్తం మేమే అంటే మెత్తబడ్డారు. పంటు ఒక్కటీ కాదన్నారు, అందరినీ మళ్లీ ఒకచోట చేర్చడం వాళ్లకి టెన్షన్ అట. మిగతాది ఒప్పుకున్నారు. కాటన్ మ్యూజియం ఏ రోజు సెలవో కనుక్కుని చెప్తామన్నారు. బోటు డబ్బు గురించి మాత్రం ఇంకా రాసి పంపలేదు.

కొబ్బరాకు
మ్యూజియం ఒప్పుకున్నారా! బస్సు ఎక్కేముందే పిల్లలకి బ్యారేజీ మీద నుంచి కాలువలు మొదలయ్యే చోటు చూపించండి. అక్కడ నీరు విడిపోవడం చూస్తే తర్వాత రోజంతా కనపడే ప్రతి కాలువా ఎక్కడిదో తెలుస్తుంది.

లంక_మాస్టారు
ర్యాలికి ముందు రోజే కబురు పెట్టండి, బృందం వస్తోందని. అర్చకులు తీరిగ్గా చూపిస్తారు.

గోదారి_పిన్ని
సీటు ఉంటే నాకొకటి ఉంచమ్మా. విజిల్ వేసేవాడు ఎవరో కూడా చెప్పు, ముందే మాట్లాడతాను 😄

పాత_సరంగు
బోటు డబ్బు సంగతి రాసి ఇచ్చేదాకా అడ్వాన్సు పంపకండి. బయల్దేరే ముందు రోజు సాయంత్రం పోచమ్మ గండి కంట్రోల్ రూములో నీటిమట్టం అడగండి. టూరు వాళ్లు సరే అన్నా, మీరూ ఒకసారి అడగండి.